రాఫెల్ టేపెస్ట్రీలు ఎక్కడ చూడాలి: రోమ్‌లోనా, లండన్‌లోనా, మంటువాలోనా?

వాటికన్ మ్యూజియంలో పోపు ప్రార్థన మందిరమైన సిస్టీన్ చాపెల్‌కి వెళ్లే దారిలో ఒక పొడవాటి హాలు వస్తుంది. వెలుతురు తక్కువ, జనం ఎక్కువ, రెండు పక్కలా గోడల నిండా నేసిన బొమ్మలు. మన టూర్ బృందాలు ఆ హాలు దాటుతూ నాలుగు ఫొటోలు తీసుకుంటాయి. ఇంటికొచ్చాక "రాఫెల్ టేపెస్ట్రీలు కూడా చూశాం" అని చెప్పుకుంటారు. నిజానికి ఆ హాల్లో ఉన్నవి వేరు. ఒక గోడ మీదివి ఇటలీ చిత్రకారుడు రాఫెల్ పోయాక, ఆయన శిష్యులు గీసిన నమూనాలతో, ఏడో క్లెమెంట్ పోపు కాలంలో బ్రసెల్స్‌లో నేసిన క్రీస్తు జీవిత ఘట్టాలు. ఎదురుగోడవి ఇంకా తర్వాతి శతాబ్దంలో రోమ్‌లోనే నేసిన బార్బెరీనీ టేపెస్ట్రీలు. రెండూ చూడదగ్గవే. కానీ రాఫెల్ తన చేత్తో, తన బుర్రతో రూపం ఇచ్చిన, బైబిలులోని అపొస్తలుల కార్యముల టేపెస్ట్రీలు అదే మ్యూజియంలో ఇంకో భవనంలో ఉన్నాయి. అటువైపు వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

యూరప్ ప్రయాణం పెట్టుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ బొమ్మలు ఒక్కచోట లేవు. రాఫెల్ రంగులు వేసిన కాగితాలు లండన్‌లో, వాటిని చూసి మొదట నేసిన టేపెస్ట్రీలు రోమ్‌లో, తర్వాత నేసిన ప్రతులు మంటువాలో, మాడ్రిడ్‌లో, డ్రెస్డెన్‌లో ఉన్నాయి. అన్నీ చూసే సమయం, డబ్బు, వీసాలు ఎవరికో గానీ ఉండవు. కాబట్టి ఏది ఎంచుకుంటే ఏం దక్కుతుంది, ఏం వదులుకోవాలి అన్నది ముందే తెలిసుంటే మంచిది.

అసలు ఇవి ఎలా పుట్టాయి

1513లో పోపు అయిన పదో లియో ఫ్లోరెన్స్‌లోని మెడిచి కుటుంబం వాడు. ఆయన గద్దెనెక్కేసరికి సిస్టీన్ చాపెల్‌లో పైకప్పు మైకెలాంజెలో పూర్తి చేసేశాడు. పక్కగోడల మీద అంతకుముందు తరం చిత్రకారులు మోషే, క్రీస్తు జీవితాలు చిత్రించి ఉన్నారు. మిగిలింది వాటి కింద, తెరలు వేలాడుతున్నట్టు రంగులతో గీసి వదిలేసిన భాగం. పండగ రోజుల్లో అక్కడ వేలాడదీయడానికి నిజమైన టేపెస్ట్రీలు నేయించాలని లియో తలపెట్టాడు. 1515లో ఆ పని రాఫెల్‌కి అప్పగించాడు. క్రీస్తు బోధను చాటిన పేతురు, పౌలుల కథలు, మొత్తం పది బొమ్మలు.

రాఫెల్ తన పనివాళ్లతో కలిసి కాగితాలు అతికించి, జిగురు కలిపిన రంగులతో అసలు కొలతలో నమూనాలు వేశాడు. ఒక్కోటి మూడు మీటర్లకు పైగా ఎత్తు, మూడు నుంచి ఐదు మీటర్ల పైచిలుకు వెడల్పు. అవి బ్రసెల్స్‌లో పీటర్ వాన్ ఆల్స్ట్ మగ్గాల దగ్గరికి వెళ్లాయి. ఆ రోజుల్లో అంత పెద్ద, అంత సన్నని నేత పని బ్రసెల్స్‌లో జరిగినట్టు ఇంకెక్కడా జరిగేది కాదు. ఉన్ని, పట్టు, బంగారు పూత వెండి చుట్టిన పోగు, అంటే మన జరీ పోగు వంటిదే, అన్నీ కలిపి నేశారు. మొదటి ఏడు టేపెస్ట్రీలు 1519 డిసెంబరు 26న చాపెల్‌లో వేలాడాయి. 1520 ఏప్రిల్‌లో రాఫెల్ చనిపోయాడు. మొత్తం పదీ గోడ మీద చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు.

ఖర్చు సంగతి చెబితే ఈ పనికి అప్పట్లో ఎంత విలువ ఉండేదో అర్థమవుతుంది. నమూనాలకు రాఫెల్‌కి ముట్టింది సుమారు 1000 డ్యూకట్లు, అంటే అప్పటి బంగారు నాణేలు. నేతకు అయింది అంతకు 15 రెట్లు. మైకెలాంజెలోకి పైకప్పు మొత్తానికి ఇచ్చినదానికంటే ఈ పది టేపెస్ట్రీల ఖర్చు సుమారు ఐదు రెట్లు. ఇవాళ పైకప్పు కింద మెడలు నొప్పిపుట్టేలా నిలబడే జనం టేపెస్ట్రీల గదిలో కాలు పెట్టకుండానే వెళ్లిపోతున్నారు.

నేత గురించి రెండు మాటలు, ఎందుకంటే ఎంపిక దీని మీదే ఆధారపడుతుంది. బ్రసెల్స్ మగ్గం నేలకు సమాంతరంగా ఉండేది. పడుగు దారాల కింద నమూనా కాగితం పరిచి, దాన్ని చూస్తూ పైనుంచి పేక ఎక్కించేవాళ్లు. నేతగాడి కళ్లెదుట ఉండేది బట్ట వెనకవైపు. అందుకే పూర్తయ్యాక ముందుకు తిప్పితే బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది. పైగా బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేసేవాళ్లు కనుక గోడకు వేలాడదీసినప్పుడు పడుగు అడ్డంగా పోతుంది. దగ్గరగా చూస్తే సన్నని గీతల్లా ఆ అడ్డ వరుసలు కనిపిస్తాయి. ఉప్పాడ జాందానీలో నేలకు ఒక పేక చీర అంచు నుంచి అంచుకు పరుగెత్తుతుంది, బుటాకి వేరే దారం తోడవుతుంది. ఇక్కడ అలా అంచు నుంచి అంచుకు పోయే పేక అంటూ లేదు. ప్రతి రంగూ తన మేర వరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. బొమ్మే బట్ట, బట్టే బొమ్మ.

నమూనాను నేతగాళ్లు నిలువు పట్టీలుగా కోసేశారు, మగ్గం కింద పరచడానికి వీలుగా. రాఫెల్ గీసిన కాగితం వాళ్లకు పనిముట్టు. పని అయ్యాక దాచాలని ఎవరూ అనుకోలేదు. పదింటిలో ఏడు మిగలడం గొప్ప సంగతే.

లండన్: కాగితం మీద రాఫెల్

ఆ ఏడు నమూనాలూ ఇంగ్లండ్ ఎలా చేరాయంటే, అప్పటికి ఇంకా యువరాజుగా ఉన్న మొదటి చార్లెస్ 1623లో వాటిని జెనోవా నుంచి కొనిపించాడు. థేమ్స్ ఒడ్డున మార్ట్‌లేక్‌లో అప్పుడే పెట్టిన నేత కార్ఖానాలో వాటితో మళ్లీ నేయించాలన్నది ఆయన ఉద్దేశం. 17వ శతాబ్దం చివర్లో ఆ పట్టీలను తిరిగి అతికించి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో పెట్టారు. 1865 నుంచి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. హక్కు ఇప్పటికీ రాజకుటుంబ సేకరణదే, మ్యూజియంకి అరువు ఇచ్చారు.

అక్కడ బోర్డు మీద "రాఫెల్ కార్టూన్స్" అని ఉంటుంది, ఇక్కడ కార్టూన్ అంటే నేతకు వేసిన అసలు కొలత నమూనా. గది పేరు రాఫెల్ కోర్ట్. ప్రవేశం ఉచితం. 2021లో గదిని కొత్తగా తీర్చిదిద్దారు, వెలుతురు ముందుకంటే బాగా మెరుగుపడింది. కాగితం కనుక దీపాలు మరీ ప్రకాశంగా పెట్టరు. లోపలికి వెళ్లిన వెంటనే ఏమీ కనిపించడం లేదనిపిస్తే కంగారు పడకండి, కాసేపు నిలబడితే కళ్లు అలవాటు పడతాయి.

లండన్‌కి నా ఓటు ఎందుకంటే చిత్రకారుడి చేతి పని చూడాలంటే అక్కడే చూడాలి. చేపలు విస్తారంగా పడిన ఘట్టం ముందు నిలబడండి, లూకా సువార్త 5వ అధ్యాయంలోది. ఎడమ చివర పడవలో కూర్చున్న క్రీస్తు అంగీ తెల్లగా ఉంటుంది. కింద నీళ్లలో పడిన నీడ మాత్రం ఎరుపు. రాఫెల్ పొరపాటు పడ్డాడని కాదు. అంగీకి వాడిన ఎర్ర రంగు వెలుగుకు నిలవనిది, ఐదు వందల ఏళ్లలో వెలిసిపోయింది. నీడకు వాడిన రంగు నిలిచింది. ఆ నీటిలోని ఎర్ర మరకను పట్టుకుని మనసులో అంగీకి మళ్లీ రంగు వేసుకుంటే బొమ్మ మొత్తం మారిపోతుంది. ఇలాంటి సంగతి తెలుసుకుని చూడటం వేరు, తెలియక దాటిపోవడం వేరు.

అదే బొమ్మలో ముందువైపు గట్టు మీద కొంగలు నిలబడి ఉంటాయి. పడవలో చేపల కుప్ప. వల లాగుతున్న మనుషుల భుజాల మీద కండరాలు. ఇక ఇంకాస్త దగ్గరికి వెళ్లి గీతల వెంట చూపు నడపండి. సన్నని సూది రంధ్రాల వరుసలు కనిపిస్తాయి. గీతలను ఇంకో కాగితం మీదికి దించడానికి పొడిచినవి. నిలువుగా పట్టీలు అతికించిన జాడలు కూడా కనిపిస్తాయి. ఒక పెద్ద చిత్రకారుడి బొమ్మను మగ్గం దగ్గర పనివాళ్లు ఎలా వాడుకున్నారో అంత స్పష్టంగా చూపించే చోటు ఇంకోటి నాకు తెలియదు.

ఆ బొమ్మకు ఎదురుగోడ మీద అదే ఘట్టానికి మార్ట్‌లేక్‌లో నేసిన టేపెస్ట్రీ వేలాడుతుంది. అంటే కాగితం, నేత రెండూ ఒకే గదిలో ఉన్నాయి. రోమ్ వెళ్లలేనివాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే అది వందేళ్లు దాటాక వేరే దేశంలో, వేరే అంచులతో నేసింది. లియో నేయించినదానికి బదులు అనుకోకూడదు.

లండన్‌లో లేనివి కూడా చెప్పాలి. స్తెఫనును రాళ్లతో కొట్టడం, సౌలు (తర్వాత పౌలు అయినవాడు) గుర్రం మీదినుంచి పడిపోవడం, ఫిలిప్పీ చెరసాలలో పౌలు, ఈ మూడు నమూనాలూ పోయాయి. అంచుల నమూనాలూ లేవు. జరీ మెరుపు, నేత బరువు, గుడిలో తెరలా వేలాడే తీరు, ఇవేవీ కాగితం ఇవ్వలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. హాంప్టన్ కోర్ట్ వెళ్లినవాళ్లు అక్కడి కార్టూన్ గ్యాలరీలో ఏడు బొమ్మలు చూసి అవే అసలువని అనుకుంటారు. అవి 1697లో హెన్రీ కుక్ వేసిన నకళ్లు. అదే ప్యాలెస్ పెద్ద హాల్లో వేలాడే అబ్రాహాము టేపెస్ట్రీలు చాలా గొప్పవి, కానీ వాటికీ రాఫెల్‌కీ సంబంధం లేదు.

రోమ్: లియో చూసిన టేపెస్ట్రీలు

వాటికన్‌లో వీటి చోటు పినకోటెకా, అంటే చిత్రాల గ్యాలరీ, ఎనిమిదో గది. 1932లో కట్టిన భవనం. లోపలికి వెళ్లాక గుంపు అంతా సిస్టీన్ బోర్డులు పట్టుకుని ఒక దిక్కుకు పోతుంది, పినకోటెకా బోర్డు ఇంకో దిక్కు చూపిస్తుంది. ముందు పినకోటెకా, తర్వాతే సిస్టీన్ అని పెట్టుకోండి. చాపెల్ దాకా నడిచాక వెనక్కి రావడం కష్టం, కాళ్లు సహకరించవు. గైడు వెంట వెళ్లే బృందాలను కొన్నిసార్లు చాపెల్ నుంచి నేరుగా సెయింట్ పీటర్స్ వైపు బయటికి తీసుకుపోతారు, అలా వెళ్తే పినకోటెకా పోయినట్టే. గైడును మాట్లాడుకునేటప్పుడే "ఎనిమిదో గది ఉందా" అని అడగండి. నెలాఖరు ఆదివారం ఉచితమని వెళ్లొద్దు. ఆ రద్దీలో నేత పని చూడటం అయ్యే పని కాదు.

ఆ గదిలో మూడు గోడల మీద అద్దాల వెనక టేపెస్ట్రీలు, ఇంకోవైపు రాఫెల్ నూనె రంగుల చిత్రాలు మూడు, వాటిలో ఆయన చివరగా వేసిన, క్రీస్తు కొండ మీద వెలుగుగా మారిన ఘట్టం, రూపాంతరం కూడా ఉంది. రంగుతో ఆయన ఏం చేయగలడో, దారంతో ఏం చేయించగలిగాడో తల తిప్పితే చాలు పోల్చి చూడొచ్చు.

లండన్‌లో ఎడమ చివర ఉన్న క్రీస్తు ఇక్కడ కుడి చివరికి వచ్చేశాడు. దీంతో బొమ్మ చదివే తీరే మారిపోయింది. ఎడమవైపు పడవ నడిపే ముసలాయన దగ్గర మొదలైన చూపు, వంగి వల లాగే ఇద్దరి మీదుగా, చేతులు చాచి లేచి నిలబడిన అంద్రెయ మీదుగా, మోకాళ్ల మీద పడిన పేతురు మీదుగా వెళ్లి క్రీస్తు చేతి దగ్గర ఆగుతుంది. శ్రమ నుంచి విస్మయానికి, విస్మయం నుంచి ప్రార్థనకు ఒక అల లేచినట్టు ఉంటుంది. రాఫెల్ తిరగబడిన బొమ్మనే మనసులో పెట్టుకుని కాగితం మీద గీశాడని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. లండన్‌లో ఉన్నది అద్దంలో బొమ్మ లాంటిది, ఆయన చూపించాలనుకున్నది ఇది.

క్రీస్తు పేతురుకు మందను అప్పగించే టేపెస్ట్రీ చూడండి. కాగితం మీద క్రీస్తు బట్ట సాదా తెలుపు. నేతలో దాని నిండా బంగారు చుక్కలు. నేయించినవాళ్లకు, నేసినవాళ్లకు సాదా తెలుపు చాలలేదన్నమాట. పక్కకు జరిగి కొంచెం వాలుగా చూస్తే ఆ జరీ ఇప్పటికీ అక్కడక్కడ మెరుస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే అద్దం మీద మన నీడే కనిపిస్తుంది.

కింది అంచులు వదలొద్దు. రాతి శిల్పాల్లా కనిపించే ఆ సన్నని పట్టీల్లో, పేతురు కథల కింద, ఉన్నది బైబిలు కథ కాదు, పోపు కాకముందు లియో పడిన పాట్లు. మెడిచిలను ఫ్లోరెన్స్ తరిమేసినప్పుడు పారిపోవడం, 1512లో రవెన్నా యుద్ధంలో పట్టుబడటం. పైన పేతురు, కింద పేతురు గద్దెనెక్కిన తాను. ఆ గర్వాన్ని ఎవరైనా తప్పుపట్టొచ్చు గానీ, టేపెస్ట్రీలను ఎందుకు నేయించారో ఆ అంచులు చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. లండన్ చూసి వచ్చినవాళ్లకు ఇది పూర్తిగా కొత్త సంగతి అవుతుంది.

ఫిలిప్పీ చెరసాల టేపెస్ట్రీ ఇరుకైనది, నిలువుగా ఉంటుంది. భూకంపాన్ని రాఫెల్ ఒక రాక్షసుడిగా చూపించాడు. నేలను చీల్చుకుని పైకి లేస్తూ ఉంటాడు. దీని నమూనా పోయింది కాబట్టి ఈ నేతే మనకు ఆధారం. కుంటివాణ్ని బాగుచేసే టేపెస్ట్రీలో దేవాలయం స్తంభాలు మెలికలు తిరిగి ఉంటాయి, పాత సెయింట్ పీటర్స్‌లో ఉన్న స్తంభాల మాదిరి. తర్వాత ఎందరో చిత్రకారులు, శిల్పులు ఆ మెలికలను వాడుకున్నారు.

రోమ్ టేపెస్ట్రీల పరిస్థితి గురించి ముందే చెప్పాలి. ఇవి చాలా కష్టాలు పడ్డాయి. లియో పోగానే అప్పుల కింద తాకట్టుకు వెళ్లాయి. 1527లో సైనికులు రోమ్‌ను దోచుకున్నప్పుడు ఇవీ పోయాయి. వెతికి, కొని, అడిగి వెనక్కి తెచ్చారు. పౌలును ఎదిరించిన గారడీవాడు ఎలుమ గుడ్డివాడయ్యే ఘట్టం సగమే తిరిగొచ్చింది, కింది సగం లేదు. 1798లో ఫ్రెంచ్ సైన్యం వచ్చినప్పుడు మళ్లీ అమ్ముడుపోయి 1808లో తిరిగి చేరాయి. ఈ ప్రయాణాల్లో రంగులు బాగా దిగాయి. ఎరుపులు, ముఖాల ఛాయ పాలిపోయాయి. కొత్తగా నేసినట్టు ఉంటాయని ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు.

మంటువా: తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు

లియో టేపెస్ట్రీలకు వచ్చిన పేరు చూసి రాజులంతా అదే నమూనాతో నేయించుకున్నారు. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ నేయించినవి 1797లో జరీలోని లోహం కోసం కాల్చేశారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దగ్గరివి చేతులు మారి మారి బెర్లిన్ చేరి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. మిగిలినవాటిలో కార్డినల్ ఎర్కోలే గొంజాగా 16వ శతాబ్దం మధ్యలో బ్రసెల్స్ నుంచి తెప్పించుకున్న తొమ్మిది ఇటలీలోని మంటువాలో, రాజభవనమైన పలాజ్జో దుకాలేలో ఉన్నాయి. 18వ శతాబ్దంలో వీటి కోసమే కొన్ని గదులను తీర్చిదిద్దారు, గోడల కొలతలు, అలంకారం అంతా టేపెస్ట్రీలకు తగ్గట్టు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కొన్ని దశాబ్దాలు వియన్నాలో ఉండి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చాయి.

ఇక్కడ రోమ్ గుంపు లేదు. టేపెస్ట్రీ ఒక గదిని ఎలా నింపుతుందో, గోడను గోడలా కాకుండా ఎలా చేస్తుందో అర్థం చేసుకోవాలంటే మ్యూజియం గదికంటే రాజభవనం గది మేలు. కథ అంతా వరసగా, తీరిగ్గా నడుస్తూ చూడొచ్చు. అదే భవన సముదాయంలో మాంటెన్యా చిత్రించిన గొంజాగా కుటుంబం గది ఉంది. దానికి సమయం ముందే రాసి పెట్టుకోవాలి. వెరోనా నుంచి రైల్లో గంటలోపే. సోమవారం మూసేస్తారు.

ఏది తక్కువంటే, ఇవి రాఫెల్ కళ్లు చూసినవి కావు. అంచులు వేరు, లియో కథ లేదు. కానీ నేతను నేతగా చూడాలంటే, వెనిస్, వెరోనా చుట్టుపక్కలకు ఎలాగూ వెళ్తుంటే, ఒక రోజు ఇక్కడికి కేటాయించమంటాను. 1528 నుంచి బ్రసెల్స్‌లో నేసిన పెద్ద టేపెస్ట్రీలకు ఊరి గుర్తు నేయాలని నియమం పెట్టారు. రెండు బి అక్షరాల మధ్య చిన్న ఎర్ర డాలు. తర్వాతి ప్రతుల్లో కింది అంచున దాని కోసం వెతకండి. వాటికన్‌వి ఆ నియమానికి ముందువి.

మాడ్రిడ్‌లో స్పెయిన్ రాజకుటుంబానిది తొమ్మిది టేపెస్ట్రీల ప్రతి. నేత నాణ్యతలో చాలా గొప్పది. అయితే అక్కడ టేపెస్ట్రీల సేకరణ ఎంత పెద్దదంటే అన్నీ ఒకేసారి గోడ మీద ఉండవు, మార్చి మార్చి పెడతారు. 2023లో రాజభవనం పక్కనే రాజ సేకరణల గ్యాలరీ తెరిచారు. వెళ్లేముందు ఇవి బయట ఉన్నాయో లేదో చూసుకోవాలి. డ్రెస్డెన్‌లో మార్ట్‌లేక్‌లో నేసిన ఆరు ఉన్నాయి. రాఫెల్ సిస్టీన్ మడోన్నా కూడా ఆ ఊళ్లోనే ఉంది కనుక జర్మనీలో ఉన్న మనవాళ్లకు అది దగ్గరి దారి. దీని కోసమే ఇండియా నుంచి డ్రెస్డెన్ వెళ్లమని మాత్రం చెప్పను.

ఎవరికి ఏది

లండన్ చుట్టుపక్కల పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు సందేహమే అక్కర్లేదు. బ్రిటన్ వీసాతో ఇటలీ వెళ్లలేరు, దానికి షెంగెన్ వీసా వేరే కావాలి. ఉచితంగా, కూర్చుంటూ లేస్తూ, ఎన్నిసార్లయినా వెళ్లి చూడగలిగేది విక్టోరియా అండ్ ఆల్బర్టే. శుక్రవారం రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది. 

బొమ్మలు గీసేవాళ్లు, ఆర్ట్ కాలేజీ పిల్లలు అయితే లండనే ముందు. రాఫెల్ బొగ్గు గీత, దిద్దుబాటు, మనుషుల్ని గుంపుగా నిలబెట్టే తీరు అక్కడ నేర్చుకున్నట్టు ఇంకెక్కడా నేర్చుకోలేరు. ఈ నమూనాలను వివిధ కాంతుల్లో ఫొటో తీసి మ్యూజియం తన సైటులో పెట్టింది, రంగు కింద గీతలు కూడా కనిపిస్తాయి. ప్రయాణం కుదరకపోయినా వాటిని పెద్ద తెర మీద చూడండి.

చేనేత రంగంలో ఉన్నవాళ్లు, డిజైనర్లు అయితే రోమ్, కుదిరితే మంటువా కలిపి. పోచంపల్లిలోనో గద్వాలలోనో మగ్గం దగ్గర గడిపిన కంటికి ఛాయ నుంచి ఛాయకు రంగు మార్చడంలో బ్రసెల్స్ నేతగాళ్లు చేసిన పని వెంటనే తెలుస్తుంది. రెండు రంగుల దారాలను సన్నని పళ్లలా ఒకదానిలోకి ఒకటి దూర్చి మెత్తగా కలిపేశారు. చర్మం మీద నీడ అలా వచ్చింది. మామూలు పర్యాటకుడు దీన్ని పట్టించుకోడు, నేత తెలిసినవాడు అక్కడే నిలబడిపోతాడు.

విశ్వాసంతో వెళ్లేవాళ్లకు రోమే. వెళ్లేముందు అపొస్తలుల కార్యములు 3, 5, 7, 9, 13, 14, 16, 17 అధ్యాయాలు చదువుకోండి, లూకా 5, యోహాను 21 కూడా. లుస్త్రలో జనం బర్నబాను ద్యుపతి అనీ పౌలును హెర్మే అనీ పిలిచి ఎడ్లను బలి ఇవ్వబోయారని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకు, ఆ టేపెస్ట్రీలో గొడ్డలి ఎత్తిన మనిషి, బట్టలు చింపుకుంటున్న పౌలు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతారు. గైడు ఖర్చు మిగులుతుంది. అబద్ధమాడిన అననీయ కుప్పకూలిపోయే బొమ్మ ముందు పిల్లలు భయపడొచ్చు, కథ ముందే చెప్పి తీసుకెళ్లండి.

రెండూ చూసే వీలున్నవాళ్లు మాత్రం ముందు లండన్, తర్వాత రోమ్ వెళ్లాలని గట్టిగా చెబుతాను. బొమ్మ పుట్టిన వరసే అది. కాగితం చూసిన కళ్లతో రోమ్ వెళ్తే నేతగాళ్లు ఎక్కడ రాఫెల్‌ను అనుసరించారో, ఎక్కడ తమ ఇష్టం చూపించారో మీకే దొరుకుతుంది. తిరగేసి వెళ్తే లండన్‌లోని కాగితాలు వెలిసిన నకళ్లలా అనిపించే ప్రమాదం ఉంది, అది వాటికి అన్యాయం.

ఒక్క ఊరికే వెళ్లగలను, వీసా ఏదైనా దొరుకుతుంది, దేనికి వెళ్లమంటారు అని అడిగితే రోమ్ అంటాను. రంగులు దిగినా, ఒకటి సగమే మిగిలినా, లియో అడిగినది, రాఫెల్ తలచినది కాగితం కాదు. గోడ మీద వేలాడే టేపెస్ట్రీ.

ఇంకో అరుదైన దారి ఉంది. 1983లోనూ, మళ్లీ 2020 ఫిబ్రవరి 17 నుంచి 23 వరకూ వాటికన్ ఈ టేపెస్ట్రీలను సిస్టీన్ చాపెల్‌లో వాటి పాత చోట్లోనే, మైకెలాంజెలో పైకప్పు కింద వేలాడదీసింది. 2010లో నాలుగింటిని లండన్‌కి పంపితే అక్కడ కాగితం, నేత కొన్ని వారాలు పక్కపక్కన నిలిచాయి. వాటికన్ మ్యూజియం సైటులో వార్తల పేజీ అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. మళ్లీ అలాంటి ప్రకటన వస్తే పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు విమానం టికెట్ కొనుక్కోండి.